‘తే’ ముందా, వెనకా

కూర్చోవద్దు అని చెప్పాలి. ఆవిడ కూర్చుంటోంది. బఠాణీల అట్టపెట్టెల మీదికి ఒరిగి మెల్లగా కిందికి జారుతోంది. కూర్చోవద్దు అనే మాట నా నోట్లోనే ఉంది, కానీ ముక్కలు ముక్కలుగా ఉంది. సియెంతతే అంటే కూర్చో, దానికి ముందు ఒక నో తగిలించి ఊరుకుంటే సరిపోదని క్లాసులో పంతులమ్మ పోయిన వారమే బల్ల గుద్ది మరీ చెప్పింది, స్పానిష్‌లో అలా ఎవరూ అనరు, పసిపిల్లలు కూడా నవ్వుతారు, వద్దన్నప్పుడు చివరనున్న తే ఊడొచ్చి ముందు నిలబడాలి, లోపల ఒక అక్షరం మారాలి, ఏ అక్షరం, ఎలా మారాలి, ఈ కోల్డ్ రూమ్ ఫ్యాన్ల హోరులో బుర్ర పనిచెయ్యడం లేదు, ఆవిడ మోకాళ్ళు వంగిపోతున్నాయి. ‘నో సియెంతతే, తీయా, నో సియెంతతే!’ అని అరిచాను. ఆవిడ జారడం ఆపి నా వంక చూసింది. కనుబొమ్మల మీద తెల్లగా మంచు పొడి. పెదాలు వణుకుతున్నాయి. అయినా చూపుడువేలు ఎత్తింది, క్యాంటీన్‌లో నా తప్పు దిద్దేటప్పుడు ఎత్తినట్టే. ‘నో తే సియెంతెస్,’ అంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా ఇంకోసారి అంది, నా నోట సరిగ్గా పలికేదాకా ఈవిడ ఎన్నడు వదిలింది గనక. ‘నో తే సియెంతెస్,’ అన్నాను. ‘ఎసో,’ అంది, అదీ అలా అన్నట్టు, అని తను చెప్పిన మాటకి తనే కట్టుబడ్డదానిలా పెట్టెలు పట్టుకుని లేచి నిలబడింది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే చలిగాలి ఛాతీలోకి సూదుల్లా దిగింది.

తీయా అంటే వాళ్ళ భాషలో అత్తో పిన్నో, ఏదైనా కావచ్చు. ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ తీయానే, పేరెవరూ పిలవగా వినలేదు, నా చెవికి మాత్రం మొదటిరోజు నుంచీ అది తీయనిదనే వినపడేది, మనిషి నోరు మాత్రం ఏమంత తీపి కాదు. ట్రేలు కడిగే సెక్షన్ ఆవిడది. పొద్దస్తమానం నీళ్ళలో పని. అందుకే ఇప్పుడు ఒంటిమీద ఉన్నది తడి ఏప్రను, దాని కింద పల్చటి స్వెటరు. ఏప్రను తలుపు మూసుకున్న కాసేపటికే రేకులా బిగుసుకుపోయింది, విప్పి పారేశాం. నేను కోల్డ్ రూమ్ మనిషిని కాబట్టి నాకు దళసరి కోటుంది, చేతికి గ్లవుజులున్నాయి. ఆవిడకి ఇక్కడ పనే లేదు. లోపలి నుంచి తలుపు తెరిచే బొత్తాం ఊడిపోయి చాలాకాలమైంది. కొత్తది వచ్చేదాకా కాస్త సర్దుకోండి, లోపలికి ఒకరెళ్తే బయట ఒకరు నిలబడండి, మీ జాగ్రత్త మీరు చూసుకోండి అన్నాడు సూపర్‌వైజరు. సర్దుకోండి, చూసుకోండి. చేసినవాళ్ళ మీదికే పని తిరిగొచ్చే క్రియలు అని పంతులమ్మ చెప్పేవి ఇవే. బయట నిలబడాల్సిన పిల్ల మేనేజరుగారి వీడ్కోలు ఫోటోకి రమ్మంటే పరుగెత్తింది, అటు పోతున్న తీయా ట్రాలీ చక్రం ఇరుక్కుని నేను తిప్పలు పడుతుండటం చూసి తలుపుకింద చెక్కముక్క పెట్టి లోపలికొచ్చింది. నేను పిలవలేదు. చూసింది, వచ్చింది. ఇద్దరం కలిసి ట్రాలీని లాగుతుంటే గడప దగ్గర పేరుకున్న మంచు మీద చెక్క జారింది, తలుపు తన బరువుకి తనే మూసుకుంది. దభేలుమని కూడా అనలేదు. మెత్తగా, ఫ్రిజ్ మూసినట్టు.

అరిచాం. తన్నాం. గంట తాడు లాగాం, తాడు చేతికొచ్చింది. సెల్‌ఫోన్లు లాకర్లలో ఉంటాయి, లోపలికి తేకూడదని రూలు. శనివారం, సగం పూట షిఫ్టు, ఫోటో అయ్యాక అందరూ అటునుంచటే పోతారు. మా ఆయన నేను క్లాసుకెళ్ళాననుకుంటాడు. క్లాసులో పంతులమ్మ నేను ఎగ్గొట్టాననుకుంటుంది. ఈపాటికి తెల్లబోర్డు మీద రాస్తూ ఉంటుంది, ఇవాళ పాత పాఠం అప్పజెప్పించుకుంటానంది, లెవాంతతే, లేవండి అందరూ, లేచి నిలబడి ఒక్కొక్కరూ ఒక్కో ఆజ్ఞ చెప్పండి. నా కుర్చీ ఖాళీగా ఉంటుంది. ‘ముయేవెతే,’ అన్నాను తీయాతో, కదులు. ఇది వచ్చు నాకు. ముయేవెతే, తీయా, కామినా, నడు. గోడ నుంచి గోడకి నడుస్తున్నాం, ఇటు క్యారెట్లు, అటు మొక్కజొన్న, మధ్యలో బఠాణీలు. ఇద్దరం పాటుపడి మూటగట్టిన పంట అంతా మా చుట్టూ రాయిలా కూర్చుని చూస్తోంది.

కోటు విప్పి ఆవిడ భుజాల మీద వేస్తే తోసేసింది. నేను మళ్ళీ వేశాను. ఆవిడ మళ్ళీ తీసి నా మీద పారేసింది. చివరికి చెరో చెయ్యీ చెరో కోటుచేతిలో దూర్చి, మధ్యలో ఒకరి నడుం ఒకరు పట్టుకుని నడిచాం, బళ్ళో మూడుకాళ్ళ పందెంలో లాగా, గ్లవుజులు కూడా చెరొకటి. ఆవిడ ఒళ్ళంతా వణుకు. ఆ వణుకు నా పక్కటెముకల్లోకి వస్తోంది. ‘ఫ్రోతతే లాస్ మానోస్,’ చేతులు రుద్దుకో. రుద్దుకో. ఇంట్లో వంటింటి గట్టు దగ్గర ఈ పాఠమే వల్లిస్తుంటే మా ఆయన పక్కనుంచి విని, ‘ఓస్, ఇంతేనా, ఇది మన కో కదే! కడుగు, కడుక్కో, దువ్వు, దువ్వుకో. దీనికి మళ్ళీ క్లాసొకటి,’ అన్నాడు. నిజమే, మన కో లాంటిదే. కానీ మన కో ఎక్కడికీ పోదు, కావాలన్నా వద్దన్నా క్రియ వెనకే పట్టుకుని వేలాడుతుంది, కడుక్కో, కడుక్కోకు. వాళ్ళ తే అలా కాదు. పంతులమ్మ తన కండువాతో చేసి చూపించింది, చెయ్యి అన్నప్పుడు తే పిల్లాడిలా కొంగు పట్టుకుని వెనకాలే వస్తాడు, వద్దు అన్నప్పుడు పరుగెత్తి ముందుకొచ్చి దారికి అడ్డంగా నిలబడతాడు. వెనకాల అతుక్కున్నప్పుడు గొంతు మాత్రం పాతచోటే నొక్కాలి, పిల్లాడు తగిలాడు కదా అని నడక మారకూడదు. లెవాం, తతే. వాం దగ్గర నొక్కండి. క్లాసంతా వాం, వాం అని అరుస్తుంటే వీధిలోని కుక్క అందుకుంది. ‘అసలు ఇన్నేళ్ళుగా ఇంట్లో నువ్వు జారీ చేస్తున్న ఆజ్ఞలు చాలవా,’ అని మా ఆయన. చాలవు మరి. లైనులో సగంమంది ఆడవాళ్ళు తీయా భాషవాళ్ళే, వాళ్ళకి పని చెప్పడం వస్తే నిన్ను లైను లీడరుని చేస్తామన్నారు. పని చెప్పడం అంటే ఆజ్ఞలు. నిలబడు, జరుగు, తొందరపడు, గ్లవుజు వేసుకో, జుట్టు కట్టుకో, మాట్లాడకు. కబుర్లు నాకెవరూ నేర్పలేదు. ఒంట్లో ఎలా ఉంది, మీ పిల్లలెంతమంది, రాత్రి ఏం కల వచ్చింది, ఇవన్నీ తర్వాతి పుస్తకంలో ఉంటాయట.

మొదట్లో ఆవిడతో తే అనడానికి నోరొచ్చేది కాదు. పెద్దావిడ. పెద్దవాళ్ళకి తే కాదు, సే అనాలి, సియెంతెసే, మనం కూర్చోండి అన్నట్టు. క్యాంటీన్‌లో అలాగే అన్నాను ఒకసారి, మా అత్తగారికి కుర్చీ జరిపినట్టు జరిపి, ‘సియెంతెసే, తీయా,’ అని. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆవిడ వెనక్కి తిరిగి ఎవరో గొప్పవాళ్ళు వచ్చారేమోనన్నట్టు వెతికి, ఎవరూ లేకపోయేసరికి గుండెమీద వేలు పెట్టుకుని నేనా అంది. ఆ తర్వాత నా చెంప మీద చిన్నగా తట్టి, ‘తే,’ అంది. ‘తూ, యో, తే.’ నువ్వూ నేనూ అయినప్పుడు తే చాలు. ఇప్పుడు ఆ నువ్వుతోనే అరుస్తున్నాను, కామినా, తీయా, కామినా, నో తే పారెస్, ఆగకు. అడుగు పడటం లేదు. ఆవిడ బరువు నామీద పడుతోంది. ఒకచోట ఇద్దరం తూలి మొక్కజొన్న పెట్టెలకి గుద్దుకున్నాం, పైది పడి పగిలి గింజలు నేలంతా గాజుపూసల్లా దొర్లాయి.

తర్వాత ఆవిడ వణకడం మానేసింది. అమ్మయ్య అనుకున్నాను ముందు, కాస్త వెచ్చబడింది కాబోలని. అనుకున్న మరుక్షణం పనిలో చేరినప్పుడు చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి గుర్తొచ్చింది, వణుకుతున్నంతసేపూ ఫరవాలేదు, వణుకు ఆగితే భయపడాలి. ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి. ‘నో తే దుయెర్మస్!’ ఇది వెంటనే వచ్చింది నోటికి, తే తనంతట తనే ముందుకొచ్చి నిలబడింది, పంతులమ్మ వింటే మెచ్చుకునేది. నిద్రపోకు. నిద్రపోకు. మన భాషలో నిద్రలో కూడా పోవడం ఉంది. పో, నిద్రపో. పిల్లల్ని జోకొడుతూ అంటాం, ఎక్కడికి పొమ్మంటున్నామో ఎవరమూ ఆలోచించం. నాన్న ఆఖరి రోజున అమ్మ ఆయన నుదురు నిమురుతూ, కాసేపు నిద్రపోండి, నొప్పి తెలియదు, నిద్రపోండి అంటూనే ఉంది, ఆయన అమ్మ మాట ఏనాడూ వినని మనిషి, ఆ ఒక్క మాటా విన్నాడు. నో తే దుయెర్మస్, తీయా. చెంప మీద కొట్టాను. మెల్లగా, తర్వాత గట్టిగా. క్లాసులో టాక్సీ నడిపే ఆయన ఒకసారి అడిగాడు, చచ్చిపోవడానికి కూడా ఈ తే ఉంటుందా అని. ఉంటుంది, వ్యాకరణం దేన్నీ వదలదు, కానీ అలాంటి ఆజ్ఞ ఎవరికిస్తాం, తర్వాతి క్రియకి పదండి అంది పంతులమ్మ. అందరం నవ్వాం. ముయెరెతే. వద్దంటే నో తే ముయేరస్. చావకు. ఇదొక్కటీ ఆవిడకి వినపడేలా అనలేదు. అంటే ఆవిడకి తెలిసిపోతుంది.

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, కానీ నన్ను కాదు. ‘కలోర్,’ అంది, ఉక్కగా ఉంది. ఆ గదిలో, కనురెప్పల మీద మంచు పెట్టుకుని, ఉక్కగా ఉంది అంటోంది. కోటు చేతిలోంచి తన చెయ్యి లాక్కుంటోంది. ‘నో తే లో కీతెస్!’ విప్పుకోకు, విప్పుకోకు, ఇంత కరెక్టుగా నేనెన్నడూ మాట్లాడలేదు, ఒక్క తప్పు లేదు, ఆవిడ వినలేదు. అంతసేపూ నడవలేనిదానికి ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో, నా చేతులు విదిలించుకుని కోటంతా తనమీంచి తీసి నామీద కప్పి, నా రెండో చెయ్యిని కూడా కోటు చేతిలోకి దూర్చింది. కాలరు సర్దింది. ‘అబ్రోచతే,’ అంది. బొత్తాలు పెట్టుకో. నేను పెట్టుకోకపోతే తనే పెట్టబోయింది, వేళ్ళు వంగడం లేదు, అరచేతులతో బొత్తాన్ని నొక్కుతోంది. ‘అపూరతే, మిహా, అపూరతే.’ తొందరగా కానీ, బిడ్డా. గొంతులో విసుగు, పొద్దుటి విసుగు, పొయ్యిమీద ఏదో మాడుతుంటే, గడియారం పరుగెడుతుంటే తల్లుల గొంతులో వినపడేది. ‘లావతే లా కారా.’ మొహం కడుక్కో. ‘పేయ్‌నతే.’ తల దువ్వుకో. అరచేత్తో నా జుట్టు వెనక్కి తోసింది. ‘పోంతే లోస్ సపాతోస్.’ బూట్లు వేసుకో. ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి, అన్నిటి వెనకా తే కొంగు పట్టుకుని వస్తోంది, నొక్కాల్సిన చోటే నొక్కుతోంది. ఆ భాషవాళ్ళు మాట్లాడింది ఒక్క ముక్క పోకుండా నాకు అర్థం కావడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ వాళ్ళ మాటలు నా చుట్టూ నీళ్ళలా పారేవి, ఒకటో రెండో మాటలు రాళ్ళలా తగిలేవి. ఇప్పుడన్నీ తెలుస్తున్నాయి. ఎక్కడో ఒక ఇల్లు, ఒక పొద్దున, బడికి వేళవుతోంది, పిల్ల ఇంకా తెమల్లేదు. నేను ఆ పిల్లని. ‘సీ, మమా,’ అన్నాను, అలాగే అమ్మా అని. వేరే ఏమనాలో తెలియక. కోటు తెరిచి ఆవిడని కూడా లోపలికి లాక్కుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. పిల్ల మాట విన్నందుకు కాబోలు ఆవిడ నిమ్మళించింది. నా భుజం మీద తల ఆనించింది. ఇంకోసారి, చాలా నెమ్మదిగా, ‘పేయ్‌నతే,’ అంది. ఆ తర్వాత నేనే మాట్లాడాను. వచ్చినవన్నీ చెప్పాను, ముందూ వెనకా చూసుకోకుండా, తప్పో ఒప్పో, లెవాంతతే, ముయేవెతే, కేదతే, ఉండు, కేదతే తీయా, నో తే వాయస్, వెళ్ళిపోకు. ఈసారి ఎవరూ వేలెత్తలేదు.

సాయంత్రం డ్యూటీ ఎక్కిన వాచ్‌మన్ లాకర్ల దగ్గర ఇంకా ఆడవాళ్ళ చెప్పులున్నాయేమిటని వెతుక్కుంటూ వచ్చి తలుపు తీశాడట. నాకు వెలుతురు గుర్తుంది, అది పచ్చగా ఉంది. ఎవరో నా చేతుల్ని ఆవిడ చుట్టూ నుంచి విడదీస్తున్నారు, రావడం లేదు, వేళ్ళు ఒక్కొక్కటీ తీశారు. అంబులెన్సు వాళ్ళు ఆవిడ ఛాతీ మీద చాలాసేపు నొక్కారు. ఒకాయన చెమట తుడుచుకుని రెండోవాడి వంక చూశాడు, వాడు తల అడ్డంగా ఊపాడు.

ఫస్ట్ ఎయిడ్ గదిలో నన్ను దుప్పట్లలో చుట్టి మంచం మీద కూర్చోబెట్టారు. సూపర్‌వైజరు పరుగుపరుగున వచ్చాడు, ఇంటినుంచి వచ్చినట్టున్నాడు, చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు. చేతులు నలుపుకుంటూ నిలబడి, ‘చూడమ్మా, నువ్వు బాగా అలిసిపోయావు. పోలీసులొచ్చి అడిగితే ఇప్పుడేం చెప్పకు. బొత్తాం సంగతీ అదీ మనం తర్వాత చూసుకుందాం,’ అన్నాడు.

‘మనం కాదండీ,’ అన్నాను. దవడలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. ‘ఆ బొత్తాం ఊడిపోయి ఎన్నాళ్ళయిందో, మీకు ఎన్నిసార్లు చెప్పామో, అడిగినా అడక్కపోయినా చెప్తాను. మీరు బయటికి వెళ్ళండి.’

వాచ్‌మన్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆయన వెళ్ళాడు.

ఆ తెరిచిన తలుపులోంచే తీయా కూతురు వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు, కానీ గడ్డం అచ్చం ఆవిడదే. ఏదో దుకాణంలో పనిలోంచి లేచి వచ్చినట్టుంది, ఒంటిమీద యూనిఫాం, దానిమీద బొత్తాలు పెట్టని జాకెట్టు, జుట్టంతా మొహం మీద, ఒక బూటు తాడు ఊడి వెనకాల ఈడుస్తోంది. ఏడ్చి ఏడ్చి కాటుక చెంపలదాకా కారింది. మంచం పక్కన కుర్చీలో కూలబడింది. తల్లిలా కాదు, ఇక్కడ మేమందరం మాట్లాడుకునే భాష తనకి బాగా వచ్చు.

‘అమ్మతో లోపల ఉన్నది మీరేనా?’

‘నేనే.’

‘బాధపడిందా?’

‘మొదట చలికి బాధపడింది. ఆఖర్న లేదు. ఆఖర్న ఉక్కగా ఉందంది.’

‘ఏమన్నా చెప్పిందా? నా గురించి ఏమన్నా అందా? మీకు మా మాటలు రావంటగా.’

‘కొన్నే వచ్చు,’ అన్నాను. ‘అవే అంది. నిన్ను బడికి తయారుచేసింది.’

ఆ పిల్లకి అర్థం కాలేదు. కళ్ళు చిట్లించి నా పెదాల వంక చూసింది. నేను దుప్పటిలోంచి చేతులు బయటికి తీసుకుని, ఎలా విన్నానో అలాగే, నొక్కిన చోటే నొక్కుతూ చెప్పాను. అపూరతే, మిహా. లావతే లా కారా. పేయ్‌నతే. పోంతే లోస్ సపాతోస్. అబ్రోచతే. నా యాసకి తను నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ‘ఇంకోసారి చెప్పండి,’ అంది. చెప్పాను. ఆ పిల్ల పెదాలు నాతోపాటు కదిలాయి. బయట ఎవరో స్ట్రెచరు తోసుకెళ్తున్న చప్పుడు, ఫోన్‌లో ఎవరో ఎవరికో దారి చెప్తున్న గొంతు.

తర్వాత లేచి గది మూలనున్న సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పింది. మొహం కడుక్కుంది. కాటుకంతా పోయేదాకా రెండు చేతులతో రుద్ది కడుక్కుంది. తడివేళ్ళతో జుట్టు వెనక్కి దువ్వుకుని ముడేసుకుంది. ఒంటి మోకాలి మీద కూర్చుని బూటు తాడు ముడివేసుకుంది, ముడి ఒకసారి తప్పితే విప్పి మళ్ళీ వేసింది. జాకెట్టు బొత్తాలు కింది నుంచి పైదాకా ఒక్కొక్కటే పెట్టుకుంది. అప్పుడు నావైపు తిరిగింది.

‘ఇక చూస్తాను అమ్మని,’ అంది. ‘ఎటు వెళ్ళాలి?’